తాతయ్య రిజిస్టరులో నక్షత్రాల పడవలు

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా అన్నయ్య ఫోన్ చేసి, ఒకసారి షాపుకి రాగలవా, నీకొకటి చూపించాలి అన్నాడు. వాడు అలా పిలిచే మనిషి కాదు. బెంజ్ సర్కిల్ దగ్గర వాడి కంప్యూటర్ల షాపు ఉంది. దాన్ని ఖాళీ చేసి పటమట వైపు మార్చుకుంటున్నాడని తెలుసు గాని, నాకు చూపించడానికి అందులో ఏముంటుందో అర్థం కాలేదు. వెళ్ళేసరికి బల్ల మీద తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంది, దాని నిండా ఫ్లాపీలు. అటక మీద దొరికాయట. అన్నీ బూజు పట్టి పోయాయి, ఒక్కటి మాత్రం తెరుచుకుంది అన్నాడు. దాన్ని తెరవడానికి పాత డ్రైవు ఎక్కడెక్కడ వెతికి తెచ్చాడో చెబుతూనే మానిటర్ నా వైపు తిప్పాడు. నల్లటి తెర, దాని మీద సన్నటి తెల్ల చుక్కలు. ఒక వైపు ఆకుపచ్చ ఓడలు, ఇంకో వైపు ఎర్ర ఓడలు. ఆకుపచ్చవి నావి. యాభై దాటిన మనిషిని, మోకాళ్ళ నొప్పులకి నూనె రాసుకునే మనిషిని, స్టూలు మీద కూలబడి పదిహేడేళ్ళ పిల్లలా తెర వంక చూస్తూ ఉండిపోయాను.

ఆ ఆట పేరు ఇప్పుడు చెప్పినా ఎవరికీ తెలియదు. మా ఇంట్లో దాన్ని నక్షత్రాలాట అనేవాళ్ళం. చెరొక నక్షత్రం దగ్గర మొదలుపెట్టి, గ్రహాల్ని ఆక్రమించుకుంటూ, ఓడలు కట్టుకుంటూ, అవతలి వాడి రాజ్యంలోకి గూఢచారుల్ని పంపుతూ నెలల తరబడి ఆడే ఆట. ఆ ఆట గురించి చెప్పాలంటే ముందు మా తాతయ్య గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు ఓడలు కట్టడం నేర్పింది ఆయనే.

తాతయ్య, అంటే నాన్నకి నాన్న, ఉద్యోగం ఉన్నంతకాలం కృష్ణ కాలవల లాకుల మీద పనిచేశాడు. కాలవలో నీళ్ళు ఒకచోట ఎత్తుగా, ఒకచోట పల్లంగా ఉంటాయి కదా, అక్కడ రెండు జతల తలుపులు పెట్టి, మధ్యలోకి పడవని రానిచ్చి, నీళ్ళు నింపో దించో అవతలికి పంపిస్తారు. వచ్చిన ప్రతి పడవ పేరూ, దాన్ని నడిపే సరంగు పేరూ, ఎక్కడినించి వచ్చిందీ, ఏం సరుకు వేసుకుందీ, ఎన్ని అంగుళాలు మునిగి ఉందీ రిజిస్టరులో రాయాలి. సరంగు ధాన్యం అని చెప్పినా తాతయ్య వినేవాడు కాదట. ముందు పడవ పక్కన నీటి గీత చూసేవాడు. మనిషి అబద్ధం చెప్పొచ్చు గాని పడవకి అబద్ధం చెప్పడం చేతకాదు అనేవాడు. రోడ్ల మీద లారీలు పెరిగి కాలవల్లో పడవలు ఆగిపోయాక, చివరి కొన్నేళ్ళూ ఆయన రాని పడవల కోసం తలుపులకి గ్రీజు పూస్తూ గడిపాడు. రిటైరై పటమటలో మా ఇంటికి వచ్చేనాటికి మాట బాగా తగ్గిపోయింది. వాడకుండా మిగిలిపోయిన రిజిస్టరు ఒకటి మాత్రం పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్నాడు.

ఆయనకి లోకమంతా నీటి గీత మీదే కనిపించేది. తెల్లవారకముందే లేచి పెరట్లో తొట్టి దగ్గర నిలబడి, నీళ్ళు ఎంత ఉన్నాయో జానలతో కొలిచి చెప్పేవాడు. వీధిలో వెళ్ళే వాళ్ళని చూసి, ఆవిడ ఇవాళ నాలుగంగుళాలు ఎక్కువ మునిగి నడుస్తోంది, ఏదో కష్టం ఉంది అనేవాడు. అమ్మ నవ్వేది గాని, సాయంత్రానికి ఆ కష్టమేమిటో తెలిసి వచ్చేది. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు అడుగు బురద ఎండే వాసన ఊరంతా కొడుతుంటే మేం ముక్కులు మూసుకునేవాళ్ళం, ఆయన మాత్రం వాకిట్లోకి వచ్చి గట్టిగా పీల్చుకునేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న వాటిలో ఒక్క మాట ఇక్కడ చెప్పి తీరాలి. ఖాళీ పడవని ఎంతసేపైనా లాకు బయట కట్టేసి ఉంచొచ్చట. నిండు పడవని మాత్రం ఆపకూడదట. "నిండుదాన్ని బయట నిలబెడితే తాడైనా తెగుద్ది, గట్టైనా తెగుద్ది" అనేవాడు. అది కాలవ సంగతే అనుకున్నాను.

రోజూ పొద్దుగూకాక మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉండేది. చాప పరిచి, దీపం కింద అందరం కూర్చుని, ఒక కీర్తన పాడి, వాక్యం చదివాక నాన్న పైకి ప్రార్థన చేసేవాడు. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన ప్రార్థన కూడా లెక్కలాగే వరస తప్పకుండా సాగేది. మా నాన్నగారిని కాపాడు, నా భార్యని కాపాడు, ఆ తర్వాత అన్నయ్య పేరు, ఆ తర్వాత నా పేరు. అన్నయ్య ఇంజనీరింగు రెండో ఏడాదిలో చదువు మానేసి కంప్యూటర్లు బాగుచేసే పనిలో చేరతానన్న రోజు ఆ వరస తప్పింది. నాన్న దగ్గర చదువుకున్న పిల్లలు ఎందరో ఇంజనీర్లయ్యారు, కన్నకొడుకు స్క్రూడ్రైవర్ పట్టుకుంటానన్నాడు. దూరపు కొండలు నునుపు, నీ షాపు మోజు ఎన్నాళ్ళో నేనూ చూస్తాను అన్నాడు నాన్న. మాటా మాటా పెరిగి, వీడి పేరు ఈ ఇంట్లో వినపడకూడదు అనేదాకా వెళ్ళింది. అన్నయ్య రెండు జతల బట్టలతో వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నుంచి నాన్న ప్రార్థనలో, అమ్మ పేరు తర్వాత, నా పేరు ముందు, ఒక ఊపిరి పట్టేంత సేపు నిశ్శబ్దం ఉండేది. నేను కళ్ళు మూసుకునే ఆ నిశ్శబ్దాన్ని కొలిచేదాన్ని. అది ఒక్కనాడూ తగ్గలేదు.

ఆరేడు నెలల తర్వాత రిక్షాలో ఒక కంప్యూటర్ వచ్చింది. చీటీ లేదు, కబురు లేదు. నాకోసమని అందరికీ తెలుసు, వాడే చేతులతో బిగించి పంపాడనీ తెలుసు. నాన్న ఉంచమనలేదు, తిప్పి పంపమనలేదు. అమ్మ చర్చి బల్లకి కుట్టగా మిగిలిన తెల్లగుడ్డ దాని మీద కప్పింది. కొన్నాళ్ళకి నాన్న నన్ను పిలిచి, కావాలంటే వాడుకో, కాని ఆ షాపుకి వెళ్ళి వాడితో మాట్లాడకు అన్నాడు. గుడ్డ తీసి మీట నొక్కితే అందులో నక్షత్రాలాట ఉంది, ఆట అప్పటికే మొదలుపెట్టి ఉంది. ఒక రాజ్యం వాడిది, ఇంకోటి నా పేరు మీద ఉంది. మొదటి టర్ను వాడు ఆడేసి, నా వంతు కోసం ఆపి పెట్టాడు.

నాకు తొందరెక్కువ, మొండితనమూ ఎక్కువ. మాట్లాడొద్దన్నారు గాని ఫ్లాపీ ఇవ్వొద్దనలేదు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నా వంతు ఆడి ఫ్లాపీలో వేసుకుని, కాలేజీ నుంచి వస్తూ సైకిలు షాపు ముందు ఆపి, కౌంటరు మీద పెట్టి, నోరు విప్పకుండా వచ్చేసేదాన్ని. మర్నాడు వాడి వంతు ఆడిన ఫ్లాపీ అదే మూల ఉండేది. వాడు లోపల ఏదో డబ్బా విప్పుతూ తలెత్తి చూసేవాడు, వాడూ మాట్లాడేవాడు కాదు. నాన్న మాట జవదాటకుండా అన్నని కలుస్తున్నానని నాకు లోలోపల గొప్పగా ఉండేది. ఆ గొప్ప ఎంతదాకా తెచ్చిందో తర్వాత చెబుతాను.

మొదట్లో నేను కట్టిన ఓడల్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆటలో ఓడ డొల్లకి ఇంతే చోటని ఉంటుంది. ఆ చోటులోనే ఫిరంగులు, కవచం, ఇంధనం, ఇంజను, మనుషులు అన్నీ సర్దుకోవాలి. నేను కనిపించిన ఫిరంగులన్నీ కుక్కాను. ఓడ బయల్దేరి సగం దారిలో ఇంధనం అయిపోయి ఆగిపోయింది, అన్నయ్య చిన్న ఓడలు రెండు వచ్చి దాన్ని తీరుబడిగా ముక్కలు చేశాయి. నేను కీబోర్డు మీద గుద్దుతుంటే, వెనక మంచం మీద పడుకున్నాడనుకున్న తాతయ్య, దాంట్లో ఏమేం ఎక్కించావమ్మడూ అని అడిగాడు. ఎన్నో నెలల తర్వాత ఆయనంతట ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అక్షరమ్ముక్క ఇంగ్లీషు రాదు, కాని తెర మీది పట్టీలో అంకెలు మారుతుంటే పట్టేశాడు. ఫిరంగి ఎక్కిస్తే వేగం ఎంత తగ్గుతోందో, కవచం దించితే ఎంత పెరుగుతోందో నా చేత ఒక్కొక్కటీ మార్పించి చూసి, రిజిస్టరు తీశాడు. పడవ, సరంగు, ఎక్కడినించి, ఎన్ని టర్నులు, సరుకు, రిమార్కు అని గళ్ళు గీశాడు. వారం తిరిగేసరికి మాకు రెండే రకాల ఓడలున్నాయి. ఒకటి తేలిగ్గా దూరం వెళ్ళి చూసొచ్చేది, ఇంకోటి ఇంటి దగ్గరే నిలబడి దెబ్బ కాచేది. అన్నీ ఒకే పడవకి ఎక్కించేవాడు ఏ ఊరూ చేరడు అన్నాడు.

గూఢచారం విషయంలో ఆయన చూపించినదానికి నేను ఇప్పటికీ విస్తుపోతూనే ఉంటాను. నేను గూఢచారుల్ని పంపడం, వాళ్ళు దొరికిపోవడం, ఇదే పని. అన్నయ్య ఓడల లోపల ఏముందో ఒక్కసారీ చూడలేకపోయాను. తాతయ్య పంపడం మానిపించాడు. రెండు రాజ్యాలకీ మధ్య ఇరుకైన దారిలో ఒక పనికిరాని గ్రహం ఉంటే, అక్కడ చిన్న కాపలా ఓడ పెట్టించాడు. లాకు దగ్గర నిలబడ్డవాడు ఎవరింటికీ పోనక్కర్లేదు, అందరూ వాడి ముందునించే పోవాలి అన్నాడు. వాడి ఓడలు ఏ నక్షత్రం నుంచి ఏ నక్షత్రానికి ఎన్ని టర్నుల్లో చేరుతున్నాయో అక్కడినుంచి కనిపించేది. వేగం తగ్గితే బరువు ఎక్కింది, పెరిగితే దింపాడు. తాతయ్య ప్రతిదీ రిజిస్టరులో రాసేవాడు. ఫలానా గ్రహం మీద మనుషుల్ని దింపబోతున్నాడు అంటే రెండు రోజుల్లో దింపేవాడు. ముసలాయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఎన్నడూ చూడని ఆకాశంలో ఎవరి గుట్టు వాళ్ళకే తెలిసిన ఓడల బరువు చెబుతుంటే, నాకు భయంలాంటి భక్తి కలిగేది.

అయినా మా గుట్టు అన్నయ్యకి తెలిసిపోతోంది. మేం ఏ గ్రహం మీద కన్నేస్తే వాడు ముందే అక్కడ ఉంటున్నాడు. ఆటలో వాడి గూఢచారి ఒక్కడూ మాకు దొరకలేదు. గుట్టు కారిపోతున్న రంధ్రం ఎక్కడుందో చివరికి తాతయ్యే కనిపెట్టాడు. బుధవారాలు వెళ్ళాకే ఇలా జరుగుతోంది, బుధవారం ఏముంది అని అడిగాడు. బుధవారం అమ్మ వెళ్ళే స్త్రీల ప్రార్థన కూటం ఉంది. ఆ కూటంలో ఎవరి మనవి వాళ్ళు చెప్పుకుంటే అందరూ కలిసి ప్రార్థిస్తారు. మా అమ్మాయి మూడో గ్రహానికి మనుషుల్ని పంపుతోంది, క్షేమంగా చేరాలి అని మా అమ్మ వారం వారం మనవి చెప్పుకుంటోంది. అదే కూటానికి కరుణమ్మగారని ఒకావిడ వస్తుంది. అన్నయ్య అద్దెకుండేది వాళ్ళింటి వెనక గదిలోనే, అన్నం పెట్టేదీ ఆవిడే. నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, తల కూడా ఎత్తకుండా, "నేను దేవుడికి చెప్పుకున్నానే, మీ అన్నకి చెప్పానా" అంది. ఆవిడ మొహంలో ఏదో ఉంది. కరుణమ్మగారు ఎవరికి అన్నం పెడుతోందో అమ్మకి తెలియదని నేనిప్పుడు అనుకోను.

అదే రోజుల్లో నాన్న స్కూల్లో మెట్ల మీద కళ్ళు తిరిగి పడ్డాడు. తలకి కుట్లు పడ్డాయి, రెండు వారాలు కదలొద్దన్నారు. హాల్లో వాలుకుర్చీ వేసుకుని కళ్ళు మూసుకుని ఉండేవాడు. కంప్యూటరూ హాల్లోనే ఉండేది. నేను ఎప్పటిలాగే ఫ్లాపీ తీసుకెళ్ళి కౌంటరు మీద పెట్టి వచ్చాను. నాన్న పడ్డాడని చెప్పలేదు. మాట్లాడొద్దన్నారు కదా. బుధవారం అమ్మ కూటంలో చెప్పుకుంది.

ఆ శనివారం ఫ్లాపీ తెరిచి చూశాను. అన్నయ్య ఓడలన్నీ, ఒక్కటి కూడా వెనక మిగల్చకుండా, మా ఇంటి నక్షత్రం మీదికి బయల్దేరాయి. అమ్మ వంటింట్లో ఎండుచేపలు వేయిస్తోంది, ఇల్లంతా ఆ వాసన. నేను కాపలా ఓడలన్నిటికీ కాల్చమని ఆజ్ఞ ఇవ్వబోతుంటే తాతయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. ఈ యుద్ధం ఎవరు గెలిచినా ఆట అయిపోతుంది. ఆట అయిపోతే ఫ్లాపీ ఉండదు. ఫ్లాపీ లేకపోతే మా ఇంటికీ వాడికీ మధ్య ఇంకేమీ లేదు. ఇది నాకు అప్పుడే, ఆ పట్టులోనే తెలిసింది. తాతయ్య రిజిస్టరు వెనక్కి తిప్పి, పాత వరసల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత పెన్ను తీసి ఏదో రాసి, రిజిస్టరు మూసి, ఖాళీ పడవలమ్మా అన్నాడు.

వెనకనుంచి నాన్న గొంతు వినపడింది. "ఖాళీవా?"

"ఖాళీవేరా. ఆయుధాలు దించేసుకుని వస్తన్నాడు."

"అంత దూరం ఖాళీగా ఎందుకొస్తాడు?"

తాతయ్య వెనక్కి తిరిగి చూడలేదు. "నువ్వు తలుపు తీస్తావో లేదో చూద్దామని" అన్నాడు.

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. నాన్న లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి, నన్ను లేపి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఏం చేస్తే రానిచ్చినట్టు అని అడిగాడు. సంధికి ఒక మీట ఉందనీ, దాంతోపాటు ఒక్క వాక్యం పంపొచ్చనీ చెప్పాను. తలకి కట్టుతో ఆయన ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, ఇంగ్లీషు అక్షరాల్లో, ఆదివారం భోజనానికి రా అని కొట్టాడు. బోర్డు మీద సుద్దముక్కతో అంత వేగంగా రాసే మనిషికి అది కొట్టడానికి పావుగంట పట్టింది. అంతసేపూ నేనూ, తాతయ్యా, వంటింట్లోంచి వచ్చిన అమ్మా వెనకే నిలబడ్డాం. నేను ఆ ఫ్లాపీ తీసుకుని సైకిలెక్కాను, కౌంటరు మీద పెట్టి పారిపోయి వచ్చాను.

ఆదివారం ఒంటిగంటకి వాడు గేటు తీసుకుని వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. అమ్మ పీట వేసింది. నాన్న భోజనానికి ముందు ప్రార్థన మొదలుపెట్టి, అమ్మ పేరు తర్వాత అలవాటుగా ఊపిరి పట్టి, అప్పుడు దయాకర్‌ని అన్నాడు. వాడు కంచంలోకి వంగి ఏడ్చాడు. నాకు ఇంత వయసొచ్చింది, అంతకంటే గొప్ప మాట ఏ గుళ్ళోనూ వినలేదు. ఆట మళ్ళీ ఎవరం ముట్టుకోలేదు. నాన్న మాత్రం పోయేదాకా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకునేవాడు. మావాడు ఆయుధాలన్నీ దించేసి వట్టి చేతులతో వచ్చాడండీ, వాడికున్న మనసు నాకు లేకపోయింది అనేవాడు. అన్నయ్య పక్కనే ఉంటే తల దించుకునేవాడు. మొహమాటం అనుకునేదాన్ని.

పోయిన నెల షాపులో అన్నయ్య ఆ శనివారపు ఆటనే తెరిచాడు. వాడి వైపు పాస్‌వర్డు కొట్టి, నేను ఎన్నడూ చూడలేకపోయిన వాడి ఓడల లోపల తెరిచి చూపించాడు. ఒక్కొక్క ఓడా విప్పాడు. ఫిరంగులు, ఫిరంగులు, ఫిరంగులు. ఎక్కడా అంగుళం ఖాళీ లేదు.

"కొట్టడానికే వచ్చానే" అన్నాడు. "నాన్న పడిపోయాడని కరుణమ్మగారు చెబితే తెలిసింది నాకు. నువ్వు రోజూ వచ్చి నా మొహం చూసి పోతున్నావు, ఒక్క మాట చెప్పలేదు. ఆ ఇల్లు లేకుండా చేసేద్దామనిపించింది. తీరా చూస్తే మీరు తలుపులు తీసి, భోజనానికి రమ్మన్నారు. ఇంకేం కొడతాను?" నాన్నకి చెప్పబోయాననీ, ఆయన అంత సంతోషంగా చెప్పుకుంటుంటే చెప్పలేకపోయాననీ అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని, తప్పు నాదేరా అన్నాను. ఇన్నేళ్ళూ మాట జవదాటలేదని మురిసిపోయాను, ఇద్దరు మనుషుల మధ్య చెప్పవలసిన ఒక్క మాట మింగేసి. ఇప్పుడైతే ఫోన్లో మా ఇద్దరి గుంపు ఉంది, వాడు టీ తాగినా నాకు ఫొటో వస్తుంది. బరువు ఎక్కడ ఎక్కిందో చూసి చెప్పే మనిషి మాత్రం లేడు.

తాతయ్య చదవడంలో పొరబడ్డాడంటావా అని అడిగాడు వాడు, షట్టరు దించుతూ. పెద్దతనం కదా అన్నాను. అంటూనే ఇద్దరం నమ్మలేదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా పెట్టె తీశాను. రిజిస్టరు అట్ట ఊడిపోయింది, చెద మాత్రం పట్టలేదు. ఆ శనివారం తర్వాత ఆయన అందులో ఏమీ రాయలేదు, కాబట్టి ఆ వరస వెతకనక్కర్లేకపోయింది. ఖాళీ పడవలమ్మా అనేముందు రాసిన వరస అది. లాకుల మీద రాసినట్టే, గుండ్రటి అక్షరాల్లో, ఏ గడీ వదలకుండా రాశాడు.

సరంగు: దయాకర్. ఇదే దూరం మునుపు మూడు టర్నులు, ఇప్పుడు నాలుగు. సరుకు: నిండు లోడు. రిమార్కు: తలుపులు తీయవలెను.